కదిలిన మనిషి

ముత్యం పనిచేసేది సూరత్ నగరం పాండేసరలో, చీరల మీద రంగుపూలు అచ్చువేసే ఒక మిల్లులో. ఉండేది లింబాయత్‌లో, రైలు పట్టాలకు ఇవతల, ఒక్క గదిలో. యాభై దాటిన మనిషి. ఒకప్పుడు పెళ్ళయింది. ఆమెది కోరుట్ల. మిల్లుల వాసన పడక ఒక దసరాకు పుట్టింటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. పిల్లలు లేరు. తండ్రి పరుశురాం నాలుగేళ్ళ కిందట పోయాడు. అప్పటినుంచి ఆ గదిలో తెలుగు మాట వినిపించడమే తక్కువ.

మిల్లులో అతనికి అప్పగించింది స్క్రీన్ల గది. చెక్క చట్రానికి బిగించిన సన్నని జాలీకి జిగురులాంటి మందు పూసి చీకట్లో ఆరబెట్టాలి. దాని మీద పూల బొమ్మ ఉన్న ఫిల్మ్ పరిచి, కింద పెద్ద దీపాలు వెలిగించాలి. వెలుతురు తగిలినచోట మందు రాయిలా గట్టిపడుతుంది. నల్లటి పూల నీడ పడినచోట మెత్తగా ఉండిపోతుంది. నీళ్ళు కొడితే ఆ మెత్తనిదంతా కొట్టుకుపోయి, జాలీలో పువ్వు మిగులుతుంది. ఆ పువ్వులోంచే రంగు చీర మీదికి దిగుతుంది. ఈ పనంతా తలుపు మూసుకుని, పసుప్పచ్చ బల్బు కింద చేయాలి. వెలుతురు రాకూడని గది కాబట్టి మనుషులూ రారు. ముత్యానికి అది అలవాటైపోయింది.

తల్లి కనుకవ్వ అతనికి రెండేళ్ళు నిండకముందే కామెర్లతో పోయింది. ఆమె ఫొటో ఒక్కటీ లేదు. చిన్నప్పుడు ఒకసారి తండ్రిని అడిగాడు. "అమ్మ ఎట్లుంటుండె నాయినా?"

"మనిషి లెక్కనే ఉంటుండె," అని పరుశురాం దుప్పటి ముసుగుపెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత ముత్యం అడగలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రాజలింగం వచ్చాడు. సాంచలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ. పరుశురాం జీవితమంతా బట్ట నేసిన కార్ఖానాలోనే అతనూ పనిచేశాడు. చంకలో గోనెసంచిలో చుట్టిన పటమొకటి ఉంది.

"కార్ఖానా కూలగొడుతున్నరే ముత్యం. సాంచలన్నీ తుక్కుకింద అమ్మిన్రు. గిది గల్లా మీద లక్ష్మీదేవి పక్కన ఉండె, యాదికున్నదా? సేటు కొడుకు పారేస్తుంటే నేను అడిగి తెచ్చిన. మీ నాయిన ఉన్నడు ఇందుల."

ముత్యానికి గుర్తుంది. చిన్నప్పుడు తండ్రికి అన్నం గిన్నె తీసుకుపోయినప్పుడల్లా ఆ పటం కిందే నిలబడేవాడు. అద్దం మీద నూలు దుమ్ము పేరుకుపోయి లోపలున్నదేమిటో కనిపించేది కాదు. ఇప్పుడు తడిగుడ్డతో తుడిస్తే మనుషులు బయటపడ్డారు. దీపావళి పూజ. సాంచలకు బంతిపూల దండలు. మగవాళ్ళు రెండు వరసలుగా నిలబడ్డారు. వెనక వరసలో, మీసాలు అప్పుడే వచ్చిన పరుశురాం.

"మీ అమ్మ గూడ ఉందట ఇందుల," అన్నాడు రాజలింగం చాయ్ ఊదుకుంటూ. "మా నాయిన అంటుండె."

ముత్యం పటాన్ని అతని ముందుకు జరిపాడు. "ఏదే? ఏ మనిషి?"

"నాకేం ఎరుక? నేను గప్పటికి పుట్టనే లేదు."

రాజలింగం చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ముత్యం పటాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయాడు. కుడివైపున అయిదుగురు ఆడవాళ్ళున్నారు. ఒక్కో ముఖం పెసరగింజంత. వాళ్ళ పక్కన, ఫొటో అంచుదాకా, పొగలాంటి మరక ఒకటి. చెమ్మ పట్టి ఉంటుందనుకున్నాడు.

ఆ అయిదుగురిలో ఒకరు తనను కన్న మనిషి. ఎవరు? మిల్లునుంచి రాగానే స్నానం కూడా చేయకుండా పటం ముందు కూర్చునేవాడు. ఒకరోజు పొట్టి ఆమె అనిపించేది. మర్నాడు ముక్కుకు పెద్ద బులాకీ ఉన్న ఆమె. కాదు, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకున్న ఆమె. అద్దంలో తన ముఖం చూసుకుని, తండ్రి పోలికలు తీసేస్తే మిగిలేదేమిటా అని వెతుక్కునేవాడు. ఎవరిని అమ్మ అనుకున్నా మిగిలిన నలుగురికీ ఏదో అన్యాయం చేసినట్టుండేది. చివరికి మధ్యలో నిలబడిన ఆమె దగ్గర ఆగాడు. గడ్డం తన గడ్డంలాగే కొంచెం నొక్కుకుపోయి ఉంది. పైగా ఆమె కళ్ళు సూటిగా చూస్తున్నాయి. కిటికీ దగ్గరనుంచి చూసినా, మంచం మీదనుంచి చూసినా తననే చూస్తున్నాయి. అంతకన్నా రుజువేం కావాలి అనుకున్నాడు.

ఉధనాలో ఉమాకాంత్ ఫొటో స్టూడియో ఉంది. అతని తండ్రి విజయనగరం వైపునుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఉమాకాంత్ సూరత్‌లోనే పుట్టినా ఇంట్లో మాట్లాడే తెలుగు అక్కడిదే. ఇప్పుడు ఫొటోలు తీయించుకునేవాళ్ళు తగ్గి, పాత ఫొటోలు బాగుచేయించుకునేవాళ్ళే ఎక్కువగా వస్తున్నారు.

"ఎవర్ని పెద్దది చేయాలండీ?" అని అడిగాడు.

ముత్యం వేలు పెట్టి చూపించాడు.

"ఈవిడ మీకేమవుతారు?"

"మా అమ్మ."

ఒక మనిషిని చూపించి ఆ మాట అనడం అదే మొదటిసారి. అనేశాక ఇక అబద్ధంలా తోచలేదు.

ఉమాకాంత్ పటం వెనక మేకులు ఊడదీసి ఫొటోను జాగ్రత్తగా బయటికి తీశాడు. స్కానింగ్ యంత్రం దాన్ని మెల్లగా చదువుకుంటుంటే, ముత్యం చేసే పనేమిటో అడిగి తెలుసుకుని నవ్వాడు. "అయితే మీరూ మా వృత్తేనండీ. లోకంలో మొట్టమొదటి ఫొటో మీ పద్ధతిలోనే పుట్టింది. రెండొందల ఏళ్ళ కిందట, ఫ్రాన్సులో ఒకాయన తగరపు రేకుకి తారు పూసి, డబ్బాలో పెట్టి, మేడమీది కిటికీలో ఉంచాడు. ఎండ తగిలినచోట తారు గట్టిపడింది. మిగతాది నూనెతో కడిగేశాడు. ఎదురింటి కప్పులు, గోడలు మిగిలాయి. అంతే."

"మనుషులు?"

"మనుషులెలా పడతారండీ? గంటలకి గంటలు ఆ డబ్బా తెరిచే ఉంచాలి. ఆయన తర్వాత ఇంకొకాయన పారిస్‌లో పెద్ద బజారుని ఫొటో తీశాడు. బళ్ళు, గుర్రాలు, జనం, అంతా కిటకిటే. ఫొటో చూస్తే బజారు ఖాళీ. నడిచేవాళ్ళెవరూ పడలేదు. ఒక మూల ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాలు ఎత్తి కదలకుండా నిలబడ్డాడు. ఆయనొక్కడే మిగిలాడు. పాలిష్ చేసేవాడు కూడా కాస్త మసగ్గా పడ్డాడనుకోండి. ఫొటోలో పడ్డ మొదటి మనిషి ఆయనే అంటారు. పేరేంటో ఎవరికీ తెలీదు."

"ఎవలో తెల్వని మనిషి ఫొటో ఎందుకన్నా మరి?"

ఉమాకాంత్ యంత్రంలోంచి ఫొటోను బయటికి తీశాడు. "ఆ రోజు అక్కడ ఒక మనిషి ఉన్నాడని తెలుస్తుంది కదండీ. అదే చాలనుకుంటాను."

పెద్దదైన ఫొటోకు చట్రం కట్టించి ముత్యం గదిలో తగిలించాడు. స్టేషను దగ్గర పూలదండ కొని వేశాడు. చాలా ఏళ్ళ తర్వాత అతనికి చెప్పి వెళ్ళడానికి ఒక మనిషి దొరికింది. పొద్దున తాళం వేసేముందు, "పోయొస్త అమ్మా," అనేవాడు. సాయంత్రం వచ్చాక మిల్లులో జరిగింది చెప్పేవాడు. మాస్టరు తిట్టాడనో, మామిడి పిందెల డిజైను చాలా బాగా వచ్చిందనో, ఇలాంటివే. నెలన్నర అలా గడిచింది. అన్నం రెండు పూటలా వండుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు రాజలింగం అటుగా పోతూ లోపలికి తొంగిచూశాడు. గోడవైపు చూసి చెప్పులతోనే లోపలికి వచ్చేశాడు.

"ఓరి నీ! దండెందుకు ఏసినవ్ర?"

"మా అమ్మకు..."

"మీ అమ్మ ఏందిర? గీమె మా రాజమ్మ పెద్దమ్మ! గడ్డం మీద మూడు పచ్చబొట్లు కనిపిస్తలేవా? చిన్న ఫొటోల నేను పోల్చలే గని, గీమె మా పెద్దమ్మనే. కిమ్ ఊర్ల కొడుకు దగ్గర ఉంటది. నిరుడు కంటి ఆపరేషన్ గూడ అయింది. తియ్, ముందుగాల ఆ దండ తియ్!"

రాజలింగమే స్టూలు ఎక్కి దండ తీశాడు. బతికున్న మనిషి ఫొటోకు దండ వేసిన సంగతి బయట చెప్పొద్దని మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ముత్యం నేలమీద కూర్చుండిపోయాడు. గోడమీదినుంచి ఆమె అలాగే సూటిగా చూస్తూ ఉంది. ఆ చూపు తన కోసం కాదని ఇప్పుడు తెలిసింది. నెలన్నరగా తాను చెప్పుకున్నవన్నీ ఎవరో పరాయి మనిషికి చెప్పుకున్నాడు. తల్లి మరోసారి పోయినట్టయింది. ఈసారి చూస్తుండగానే పోయింది.

ఆ తర్వాతి సెలవురోజున రెండు ఫొటోలూ సంచిలో పెట్టుకుని కిమ్ వెళ్ళే బండి ఎక్కాడు. క్షమించమని అడగాలో, ఏం అడగాలో అతనికే తెలియదు.

రాజమ్మ ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. ఎనభైకి దగ్గర పడిన మనిషి. కొడుకు, కోడలు డ్యూటీకి పోయారు.

"ఎవలు బిడ్డా?"

"పరుశురాం కొడుకును పెద్దమ్మా. ముత్యాన్ని."

ఆమె చేతిలో కూర అలాగే ఉండిపోయింది. "కనుకవ్వ కొడుకువా?"

అతన్ని ఎవరూ ఎప్పుడూ అలా పిలవలేదు. పరుశురాం కొడుకు అనే అన్నారు అందరూ. ముత్యం తలూపాడు.

పెద్ద ఫొటో తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. దండ సంగతి దాచలేక చెప్పేశాడు. రాజమ్మ మొదట నోరు తెరిచింది. తర్వాత పళ్ళులేని నోటితో పడీ పడీ నవ్వింది. "నన్ను సంపినవా కొడుకా! పోనీ తియ్. రోజూ మాట్లాడినవంటున్నవ్ గద, నా కొడుకన్న గంత మాట్లాడడు." ఫొటోను వేళ్ళతో నిమిరింది. "గిట్ల ఉంటుంటినా నేను? నాకే యాదికి లేదు."

"అమ్మ ఏది పెద్దమ్మా ఇందుల?" అని అసలు ఫొటో ముందు పెట్టాడు.

రాజమ్మ దాన్ని ఎండకు తిప్పుకుని చూసింది. ఆడవాళ్ళ మీద వేలు ఒక్కొక్కటిగా జరిపింది. అయిదుగురినీ దాటి, అంచున ఉన్న మరక మీద ఆపింది.

"గిదిగో."

"గది మరక పెద్దమ్మా."

"మరక కాదు. మీ అమ్మ. జర ఆగు, చెప్తా." మెంతికూర పక్కన పెట్టింది. "లోపల చీకటి. ఫొటో తీసేటాయన మూడు కాళ్ళ మీద డబ్బా పెట్టిండు. లైటు లేదు, హిల్‌నా నహీ, హిల్‌నా నహీ, కదలొద్దని అంటుండు. అందరం ఊపిరి బిగవట్టినం. నిన్నేమో నూలు చుట్టిన భీముల పక్కన గోనెసంచి మీద పండవెట్టింది మీ అమ్మ. ఆయన అట్ల మూత తీసిండో లేదో నువ్వు కెవ్వుమన్నవ్. మేమందరం కట్టెల లెక్క నిలవడ్డం. ఆమె గిర్రున నీ దిక్కు తిరిగింది. ఫొటో ఖరాబైందని సేటు మస్తు ఒర్రిండు. ఇంకోటి తీయమంటే సామాను అయిపోయిందన్నడు గాయన."

ముత్యం మరకను చూశాడు. ఇప్పుడు దానిలో భుజం ఉంది. భుజంపైన, తల తిరిగిపోయిన చోట, తెల్లటి గీతలు.

"సాంచల సప్పుడంటే భయం ఆమెకు," అంది రాజమ్మ. "చెవులల్ల పత్తి పెట్టుకుంటుండె. మేము పిలిస్తే ఇనపడకపోతుండె, పోయి చెయ్యి వట్టి గుంజుతుంటిమి. గని నీ ఏడ్పు మాత్రం ఇనపడుతుండె. ఎట్ల ఇనపడుతుండెనో!"

"నాయిన ఎన్నడు చెప్పలే."

"ఏం చెప్తడు? ఆమె పోయినంక గా ఫొటో తెచ్చి గల్లా మీద తగిలేసిన్రు. మీ నాయిన సేటును బతిమాలుకొని సాంచలు మార్పిచ్చుకున్నడు. దానికి వీపు పెట్టి నేసేటట్టు. గంతే."

చివరికి ముత్యం తాను అడగడానికి వచ్చింది అడిగాడు. "మొకం ఎట్లుంటుండె పెద్దమ్మా?"

రాజమ్మ చాలాసేపు కళ్ళు మూసుకుంది. కోడి ఒకటి వచ్చి మెంతికాడలు పొడిచి పోయింది.

"అబద్ధం ఎందుకు చెప్పాలె బిడ్డా," అంది మెల్లగా. "పొడుగు మనిషి. చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుండె. మొకం మాత్రం వస్తలేదు. యాభై ఏండ్లాయె. నా మొకమే నేను మరిచిపోయిన."

పెద్ద ఫొటోను ఆమె దగ్గరే వదిలి వచ్చాడు. ఆమె దాన్ని గుండెలకు ఆనించుకుని గుమ్మందాకా వచ్చింది. తిరుగు బండిలో కూర్చోవడానికి చోటు దొరికినా ముత్యం తలుపు దగ్గరే నిలబడ్డాడు. దండ సంగతి చెప్పేసినందుకు తేలికగానే ఉంది. కానీ తల్లి ముఖం తెలిసిన మనిషి ఇక లోకంలో లేరన్న సంగతి సూరత్ దగ్గరపడుతున్నకొద్దీ బరువెక్కింది.

ఉమాకాంత్ అంతా విని, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ముఖం కావాలంటే ఇప్పుడు చేయొచ్చండీ. మీ ఫొటో, నాన్నగారి ఫొటో ఇస్తే కంప్యూటరే తయారుచేస్తుంది. చూడండి, ఊరికే."

కొద్దిసేపట్లో తెరమీద ఒక స్త్రీ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. నల్లటి పెద్ద కళ్ళు. ముత్యం గడ్డం, నుదుటిన కుంకుమ, కొప్పులో బంతిపువ్వు. చిన్నగా నవ్వుతోంది. ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. ముత్యం కుర్చీ అంచుకు జరిగాడు. ఎంత అందంగా ఉంది! ఆ ముఖాన్ని గోడకు తగిలిస్తే ఎవరూ కాదనరు. రాజలింగం కూడా స్టూలు ఎక్కడు. అడిగితే చాలు, ఉమాకాంత్ ఇచ్చేస్తాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"వద్దన్నా," అన్నాడు చివరికి.

"నచ్చలేదా?"

"మంచిగుంది. గని ఈమె నన్నెన్నడు చూడలే గద. గా మూలకున్నామె నన్ను చూసింది."

ఉమాకాంత్ తెరమీద ముఖాన్ని మూసేసి, పాత ఫొటో తెరిచి, ఆ అంచుకు వచ్చాడు. "పెద్దది చేస్తే ఏమీ ఉండదండీ. బూడిదరంగు తప్ప. ముందే చెబుతున్నాను."

"చెయ్యి. భుజం కాడినుంచి."

గోడకు ఆ బూడిదరంగే ఎక్కింది. ముత్యం దానికి దండ వెయ్యలేదు. మాట్లాడడం కూడా మానేశాడు. చెవుల్లో పత్తి ఉన్న మనిషితో ఊరికే మాట్లాడి ఏం లాభం అనిపించింది. వండుకున్నప్పుడు వండుకుంటున్నాడు, లేనప్పుడు లేదు. స్క్రీన్ల గదిలో దీపాలు వెలిగించి జాలీ మీద వెలుతురు పడే ఆ కాసేపూ మాత్రం అతనికి కార్ఖానా గుర్తుకొస్తోంది. అంతమంది ఊపిరి బిగబట్టిన చోట ఒక్కతే తిరిగింది. ఆ తిరగడం ఎంతసేపు? మరకలో ముఖం జాడైనా లేదంటే, తిరిగి మళ్ళీ డబ్బావైపు చూడలేదన్నమాట. మూత మూసేదాకా తనవైపే ఉండిపోయింది. ఒకరోజు ఈ సంగతి తట్టి చేతిలోని చట్రం కింద పెట్టేసి, మూసిన తలుపు వెనక, ఎవరూ రాని ఆ గదిలో, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

వానాకాలం మొదట్లో పక్క గదిలోకి మంగల్‌బాయి అనే మరాఠీ ఆమె దిగింది. కూరగాయల బండి పెట్టుకుని ఒక్కతే ఉంటుంది. పైకప్పు కారుతోందని బకెట్ అడగడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి గోడవైపు చూసి, అది పొగా అని అడిగింది.

"యే క్యా హై భాయి? ధువా?"

"నహీ. మేరీ మా హై," అన్నాడు ముత్యం.

ఆమె దగ్గరికి వచ్చి ముఖం కోసం వెతికింది. "ముహ్ కిధర్ హై?"

ముత్యం తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. ఫొటో తీస్తుంటే తాను ఏడ్చాడని, తల్లి ఇటు తిరిగిందని. కొంచెమే చెబుదామనుకున్నాడు గానీ పత్తి సంగతి, సాంచల సంగతి కూడా చెప్పాడు. ఆమె బకెట్ పట్టుకుని అంతా వింది. బయట వాన పెద్దదైంది.

"నామ్ క్యా థా?" అని ఆమె పేరు అడిగింది.

"కనుకవ్వ."

"కనక్... వా?"

"కనుకవ్వ," అని ముత్యం నెమ్మదిగా, ఒక్కో అక్షరం విడదీసి పలికాడు.

మంగల్‌బాయి ఫొటోవైపు తిరిగి, ఈసారి సరిగ్గా అంది. తర్వాత బకెట్ తీసుకుని, కారుతున్న తన గదిలోకి వెళ్ళిపోయింది.